అక్షరాలు దిద్దించే చేతికి ఓటేదీ?

ఉపాధ్యాయులకు మన రాజ్యాంగం చట్టసభలో ప్రత్యేకంగా చోటు పెట్టింది. 171వ అధికరణం ప్రకారం శాసనమండలి సభ్యుల్లో పన్నెండో వంతు మందిని టీచర్లే ఎన్నుకుంటారు. దేశంలో మండలి ఉన్నవి ఆరు రాష్ట్రాలే, వాటిలో రెండు మనవి. నలభై మంది ఉన్న తెలంగాణ మండలిలో టీచర్ ఎమ్మెల్సీలు ముగ్గురు, యాభై ఎనిమిది మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ మండలిలో ఐదుగురు. అయితే ఈ ఓటు టీచర్లందరిదీ కాదు. ఉన్నత పాఠశాలకు తగ్గని విద్యాసంస్థల్లో, గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు పాఠం చెప్పినవారికే ఆ హక్కు. ఒకటో తరగతిలో పిల్లల చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించే సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ) ఇరవై ఏళ్లు పనిచేసినా ఓటరు జాబితాలోకి రాదు. ఆ గీత చెరిగిపోవాలి. ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల టీచర్లకు ఓటు ఇవ్వాలన్న కోరికను ఉపాధ్యాయ సంఘాలు తమ చట్టసభ పోరాటంలో ముందు వరుసకు తేవాలి. జీతభత్యాల కోరికలన్నిటికంటే ముందుకు తేవాలి.

రాజ్యాంగం రాసుకున్న నాటికి ఆ గీతకు ఏదో ఒక లెక్క ఉండి ఉండవచ్చు. పెద్ద చదువులు చదివినవారికి, చెప్పినవారికి ఎగువ సభలో గొంతు ఇవ్వాలన్న ఆలోచన అది. కానీ ఆ తర్వాత దేశం తన రాజ్యాంగాన్నే మార్చుకుంది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం వచ్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువు ప్రాథమిక హక్కు అయింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. ఆ హక్కు వర్తించేది ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా. అంటే రాజ్యాంగం హామీ ఇచ్చిన చదువును పునాది నుంచి నిలబెట్టే టీచరుకే ఓటు లేదు. చదువు స్థాయి తక్కువనే వాదన కూడా ఇప్పుడు నిలవదు. ప్రాథమిక టీచరు కావాలంటే శిక్షణ కోర్సు పూర్తి చేయాలి, టెట్ గట్టెక్కాలి, డీఎస్సీలో నెగ్గాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బోధిస్తూ ఇప్పటికే సర్వీసులో ఉన్నవారు సైతం, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉంటే, రెండేళ్లలో టెట్ పాసు కావాలంది. విద్యాహక్కు చట్టంలోని 23వ సెక్షన్‌ను సవరించి పాత టీచర్లను ఆదుకోవాలని సంఘాలు పార్లమెంటును అడుగుతున్నాయి. చట్టం వచ్చేనాటికే ఉద్యోగంలో ఉన్నవారి విషయంలో ఆ కోరిక న్యాయమైనదే. ఈ పనికి ఇంత అర్హత కావాలని కొలత పెట్టేటప్పుడు ప్రాథమిక టీచరు గుర్తుకొస్తున్నారు, ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరుపున పడుతున్నారు.

ఓటు లేకపోతే ఏమవుతుందో బడుల్లోకి తొంగి చూస్తే తెలుస్తుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కూడా ఇద్దరు టీచర్లు ఉండి తీరాలి. 2024-25 కేంద్ర గణాంకాలు చూస్తే దేశంలో ఒక్క టీచరుతో నడిచే బడులు లక్ష దాటాయి. అందులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 12,912 బడులు. పిల్లలే లేని బడుల లెక్కలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం తెలంగాణది, 2,245. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలిసినవారికి ఈ అంకెల బరువు వేరుగా చెప్పనక్కర్లేదు. ఒకే గదిలో ఐదు తరగతులు. ఒకటో తరగతికి పలక మీద రాత ఇచ్చి, మూడో తరగతికి ఎక్కాలు అప్పజెప్పి, ఐదో తరగతి పాఠం మొదలుపెట్టేసరికి మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, ఫోన్‌లో హాజరు ఎక్కించాలి. ఆ టీచరు సెలవు పెడితే ఆ పూట బడి లేనట్టే. చట్టాన్ని ఇంత బాహాటంగా ఉల్లంఘించే పరిస్థితి ఉన్నత పాఠశాలల్లో ఉంటే మండలిలో ప్రతి సమావేశంలోనూ ప్రశ్న పడేది.

ఉన్నత పాఠశాలల కోరికలు అన్యాయమైనవని కాదు. భాషా పండితుల, వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులను స్కూల్ అసిస్టెంటు స్థాయికి పెంచాలని సంఘాలు ఏళ్ల తరబడి అడిగాయి. 2017 డిసెంబరులో ప్రపంచ తెలుగు మహాసభల వేదిక మీద అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి హామీ ఇచ్చారు, 2024లో పదోన్నతులతో అది నెరవేరింది. మంచిదే. మరి ప్రతి ప్రాథమిక పాఠశాలకు ఒక ప్రధానోపాధ్యాయుడు, ప్రతి తరగతికి ఒక టీచరు అన్న కోరికలు కూడా అవే వినతిపత్రాల్లో అంతే కాలంగా ఉన్నాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఓటు ఒక్కటే దీనికి కారణం అనలేం, ఖర్చు తేడా కూడా ఉంది. అయినా మండలి అభ్యర్థి ఓట్లు అడగడానికి ఏ బడి మెట్లు ఎక్కుతాడో, ఏ బడి ముందు నుంచి కారు ఆపకుండా వెళ్లిపోతాడో రాజకీయాలు తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే విషయమే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవో ఇచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు యూటీఎఫ్ మొదలైన సంఘాలు వీధుల్లో పోరాడాయి, మండలిలో ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) సభ్యులు గొంతెత్తారు. ఆ జీవో పోవడానికి ప్రభుత్వం మారాల్సి వచ్చింది, 2025 వరకు ఆగాల్సి వచ్చింది.

ఇది టీచర్ల సొంత వ్యవహారం అనుకుంటే పొరపాటు. సినీ కార్మికుల సంగతే చూడండి. 2025 ఆగస్టులో వారు వేతనాలు పెంచాలని పద్దెనిమిది రోజులు షూటింగులు ఆపేశారు. హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో నిర్మాతల ఆఫీసులు, కృష్ణానగర్ గల్లీల్లో లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, జూనియర్ ఆర్టిస్టుల ఇళ్లు. ముప్ఫై శాతం అడిగితే కార్మిక శాఖ మధ్యవర్తిత్వంతో, రోజుకు రెండు వేల లోపు వేతనం ఉన్నవారికి, మూడేళ్లలో కలిపి 22.5 శాతం పెంపు దగ్గర ఒప్పందం కుదిరింది. పోరాడి తెచ్చుకున్న ఆ పెంపులో ఎంత భాగం జూన్ నెలలో ప్రైవేటు బడి కౌంటరు దగ్గర ఖాళీ అవుతుందో ఆ ఇళ్లలో అడగాలి. అందుబాటులో నమ్మకమైన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంటే ఆ డబ్బు ఇంట్లోనే మిగులుతుంది. పిల్లలు ప్రభుత్వ బడికి దూరమయ్యేది పదో తరగతిలో కాదు, చేరే రోజునే. ఒకసారి నర్సరీకి ప్రైవేటు బడికి పోయిన బిడ్డ మళ్లీ ఇటు తిరిగి రావడం అరుదు. కార్మికుడి వేతనం, ఎస్‌జీటీ పోస్టు వేర్వేరు ఫైళ్లలో ఉండవచ్చు, కష్టజీవి ఇంటి బడ్జెట్‌లో అవి రెండూ ఒకటే పద్దు.

ఇప్పుడున్న ఓటరు జాబితాను కూడా కాస్త దగ్గరగా చూడాలి. తెలంగాణలోని మూడు టీచర్ స్థానాల్లో కలిపినా ఓటర్లు లక్షకు లోపే. ఓటు కోసం ఫారం 19 నింపాలి, దానికి విద్యాసంస్థ అధిపతి ధ్రువీకరణ జోడించాలి. ప్రభుత్వ బడిలో ఆ సంతకం మామూలు పని. ప్రైవేటు బడిలో అది యాజమాన్యం చేతిలో ఉంది. 2021 ఏప్రిల్‌లో కరోనాతో బడులు మూతపడి ప్రైవేటు టీచర్లు రోడ్డున పడినప్పుడు తెలంగాణ ప్రభుత్వమే నెలకు రెండు వేల రూపాయలు, ఇరవై ఐదు కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. అంత అభద్రతలో బతికేవారి ఓటు యజమాని సంతకం మీద ఆధారపడటం ఏ రకంగానూ మంచిది కాదు. పైగా టీచర్ స్థానంలో పోటీ చేసేవారు టీచరే కానక్కర్లేదు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానాన్ని పీఆర్‌టీయూ నాయకుడు గెలుచుకుంటే, కరీంనగర్-మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్ స్థానంలో ప్రైవేటు విద్యాసంస్థల అధినేత ఒకరు గెలిచారు. అది ఓటర్ల తీర్పు, తప్పుపట్టడానికి లేదు. జాబితా ఇంత ఇరుకుగా ఉన్నంతకాలం యాజమాన్యాల పలుకుబడికి దాని పరిమాణానికి మించిన బలం ఉంటుందన్నదే మా మాట.

దీనికి అడ్డు చెప్పేవారి మొదటి మాట, సంఘాలకు డీఏలు, పీఆర్సీ, పాత పెన్షను తప్ప బడి పట్టదని, వారి బలం పెంచితే ఆ కోరికలే పెరుగుతాయని. ఈ విమర్శలో నిజం లేకపోలేదు. ఏకీకృత సర్వీసు నిబంధనల మీద ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్ల మధ్య దశాబ్దాల తగువు సాగినన్నాళ్లూ ఎంఈవో, డిప్యూటీ ఈవో కుర్చీలు ఇన్‌చార్జిలతోనే నడిచాయి, నష్టపోయింది పిల్లలే. ఆ తప్పులో సంఘాల వాటా వారు ఒప్పుకోవాలి. కానీ ప్రాథమిక టీచరు విషయంలో సర్వీసు కోరిక, బడి కోరిక విడదీయలేనివి. రెండో టీచరును ఇవ్వమంటే అది పని భారం తగ్గించుకోవడమూ అవుతుంది, పిల్లలకు చదువు దొరకడమూ అవుతుంది. 2025-26లో తెలంగాణ విద్యకు కేటాయించింది 23,108 కోట్లు, మొత్తం బడ్జెట్‌లో ఏడున్నర శాతం. పదిహేను శాతానికి పెంచుతామన్నది అధికార పార్టీ ఎన్నికల హామీ. ఈ తేడాను సభలో రోజూ గుర్తుచేసే అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది ఒంటరి బడి టీచరుకే. ఉపాధ్యాయ సంఘాలతో సంప్రదించి విద్యా విధానం రూపొందించాలని 1966 అక్టోబరు 5న యునెస్కో, ఐఎల్ఓ కలిసి చేసిన సిఫారసు చెప్పింది కూడా. మనం ఏటా ఉపాధ్యాయులకు సన్మానాలు చేస్తాం, సంప్రదింపులే తక్కువ.

అసలు మండలే దండగ, రద్దు చేస్తే పోతుంది కదా అనేది రెండో మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండలిని 1985లో రద్దు చేసి 2007లో తెచ్చుకున్నాం. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ రద్దు తీర్మానం చేసి 2021 నవంబరులో వెనక్కి తీసుకుంది. మండలి వద్దనుకుంటే అందరికీ వద్దనాలి. ఉన్నంతకాలం మాత్రం ఒకే వృత్తిలో కొందరికి తలుపు తీసి మిగతావారిని గుమ్మం బయట నిలబెట్టడం కుదరదు. ఓటర్లు పెరిగితే డబ్బు, పార్టీల జోక్యం పెరుగుతాయనే భయం కూడా తిరగేసి చూడాల్సిందే. చిన్న జాబితాను కొనడం సులువు, పెద్దదాన్ని కొనడం కష్టం.

ఇది జరగాలంటే రాజ్యాంగ సవరణ కావాలని, అది అయ్యే పని కాదని కొందరు చేతులెత్తేస్తారు. 171వ అధికరణం రెండో క్లాజు చదవాలి. పార్లమెంటు చట్టం ద్వారా వేరే ఏర్పాటు చేసేవరకే ఇప్పటి కూర్పు అని అందులో ఉంది. అంటే సాధారణ మెజారిటీతో పాసయ్యే చట్టం చాలు. తెలంగాణలోని ముగ్గురు, ఆంధ్రప్రదేశ్‌లోని ఐదుగురు టీచర్ ఎమ్మెల్సీలు పార్టీలకతీతంగా ఒకే ముసాయిదా మీద సంతకాలు చేసి తమ తమ సభల్లో తీర్మానం పెట్టాలి. టీఎస్‌యూటీఎఫ్, పీఆర్‌టీయూ, ఎస్‌టీయూ, యూటీఎఫ్ తమ మధ్య పోటీలు పక్కనపెట్టి తెలుగు ఎంపీల చేత లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు వేయించాలి. 2023లో ఎన్నిక జరిగిన మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ స్థానానికి మళ్లీ ఎన్నిక 2029లో. అప్పటికి ఫారం 19లో ప్రాథమిక పాఠశాల పేరు రాసుకునే గడి ఉండాలి.