యంత్రం చేయూత – మనిషి పట్టుదల

పక్షవాతం వచ్చిన మనిషికి ప్రాణాపాయం తప్పినంత మాత్రాన చికిత్స ముగియదు. పడిపోయిన చేయి మళ్ళీ లేవాలంటే ఒకే కదలికను రోజూ పదేపదే సాధన చేయాలి. ఆ సాధన వల్ల మెదడులో దెబ్బతినని భాగాలు కొత్తగా పని నేర్చుకుంటాయి. కాని నెలల తరబడి సాగే ఈ వ్యాయామాన్ని విసుగుతోనో, నిరాశతోనో మధ్యలో మానేసేవారు ఎందరో ఉన్నారు.

ఇటువంటి వారికి తోడుగా ఉండేందుకు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాయా మటారిచ్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం కొన్ని రోబోలను రూపొందించారు. ఇవి రోగిని తాకవు. ఎదురుగా నిలిచి, వ్యాయామాన్ని గమనిస్తూ, మాటలతో ప్రోత్సహిస్తాయి.

మెదడు సంకేతాలతో పనిచేసే యంత్రాలు మరొక రకం. కాలు కదపాలని అనుకోగానే మెదడులో సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలు పుడతాయి. కంప్యూటరు వాటిని గుర్తించి యంత్రాన్ని కదిలిస్తుంది. బ్రెజిల్ దేశంలోని సావో పాలో నగరంలో మిగెల్ నికొలేలిస్ బృందం, వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడిన 8 మందికి 12 నెలలు ఇలా శిక్షణ ఇచ్చింది. ఫలితాలు 2016లో వెలువడ్డాయి. గాయానికి దిగువన వారికి కొంత స్పర్శ తిరిగి వచ్చింది. కొన్ని కండరాలు వారి అదుపులోకి వచ్చాయి. ఎవరూ ఊతం లేకుండా నడవలేదు. అయినా ఏళ్ళ తరబడి కదలని కండరం కదలడం చిన్న విషయం కాదు.

ఇదంతా యంత్రం గొప్పతనమే అనుకోవడం పొరపాటు. పన్నెండు నెలలు ఓర్పుతో శ్రమించినవారు ఆ రోగులే. వారి వెంట ఉండి నేర్పినవారు మనుషులే. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. రోబో ఉన్నది కదా అని వైద్య సిబ్బందిని తగ్గిస్తే, కుటుంబసభ్యులు పలకరించడం మానేస్తే, రోగికి మేలు కంటే కీడే ఎక్కువ.

వెల మరొక సమస్య. మన దేశంలో 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, పి.కె. సేథీ అనే వైద్యుడు కలిసి జైపూర్ కాలును తయారుచేశారు. నేలపై కూర్చోవడానికీ, చెప్పులు లేకుండా పొలంలో నడవడానికీ వీలైన ఆ కృత్రిమ పాదం తక్కువ ఖర్చుతో లభించింది. అందుకే అది పేదలకు చేరింది. కొత్త యంత్రాలు కూడా ఆ దారిలోనే నడవాలి. పెద్ద నగరాల ఆసుపత్రులకే పరిమితమైతే అవి వింతలుగా మిగిలిపోతాయి. పల్లెలోని రోగి మంచం దాకా చేరిన నాడే అవి నిజమైన చేయూత అవుతాయి.