దారి మళ్ళిన జాబు దొంగ జాబా?

శ్రీశైలం జలాశయపు ముంపు వచ్చినప్పుడు మా సోమశిల గుళ్ళను పైకి తరలించారు. సోమేశ్వరుని చిరునామా మారింది గాని, దేవుడు మారాడని ఎవరూ అనలేదు. ఈమెయిలు లోకంలో ఆపాటి ఔదార్యం లేదు.

పాత ఊరి జ్ఞాపకాలు రాయమని ఒక పెద్దాయనను నిరుడు బతిమాలాను. రాసి, మనుమడి ఆఫీసు చిరునామా నుంచి పంపించారట. నాకు అందలేదు. రెండు నెలల తరువాత, "నచ్చలేదేమోనని ఊకున్న బిడ్డా" అన్నారు. తల ఎత్తుకోలేకపోయాను.

జరిగిందిది. నా సొంత డొమైనుకు వచ్చే జాబులను ఒక ఉచిత మెయిలు పెట్టెకు మళ్ళించుకున్నాను. ఫలానా సర్వర్లు మాత్రమే మా జాబులు మోస్తాయని పంపేవారి డొమైను ప్రకటించేది ఎస్పీఎఫ్ నమోదు. మళ్ళించాక చివరి గడప దగ్గర జాబు అందించేది నా సర్వరు. ఆ జాబితాలో దాని పేరుండదు. నేనేమో తెలివితక్కువగా నా ఎస్పీఎఫ్ నమోదునే వారం రోజులు దిద్దాను. అక్కడ చూసేది కవరు మీదున్న పంపినవారి డొమైనును, నాదాన్ని కాదు! కవరు మీది చిరునామాను తిరగరాసే ఎస్సారెస్ పద్ధతి ఉంది. దానితో ఎస్పీఎఫ్ నెగ్గుతుంది గాని, నా డొమైను పేరిట నెగ్గుతుంది.

డీకిమ్ వేరు. అది జాబు మీదే వేసిన ముద్ర. లోపలి రాతను మార్చనంతవరకు ఎవరు మోసినా చెదరదు. 2015లో ఆర్ఎఫ్‌సీ 7489గా వచ్చిన డీమార్క్‌కు ఈ రెండింటిలో ఒక్కటి నెగ్గి, 'ఫ్రమ్'లోని డొమైనుతో పొసగితే చాలు. ఆ ఆఫీసువారు ముద్ర వేయలేదు. డీమార్క్‌లో మాత్రం 'తిరస్కరించు' అని రాసుకున్నారు.

నా అభ్యంతరం అక్కడే. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు పైగా జాబులు పంపేవారికి గూగుల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది, మంచిదే. కాని ముద్ర వేయకుండా తలుపు బిగించుకోవడం భద్రత కాదు, తమ జాబులను తామే చంపుకోవడం. సొంత డొమైనున్న మిత్రులారా, ముందు డీకిమ్ పెట్టండి, తరువాతే తిరస్కరణ. నేనైతే మళ్ళింపు మానేసి, డొమైను మీదే పెట్టె తెరుచుకున్నాను. ఏటా కొంత ఖర్చు, కానివ్వండి.

తిరిగొచ్చిన జాబును మనుమడు ఇంగ్లీషు చెత్త అనుకొని తుడిచేశాడు. ఉద్యోగం మారాడు, ఆ పెట్టె మూతపడింది. పెద్దాయన చిత్తుప్రతి దాచలేదు. ఇప్పుడు ఆదివారాలు ఫోనులో చెబుతున్నారు, నేను రాసుకుంటున్నాను. పాత గుడి దగ్గరి రేవు దాకా వచ్చాం.