సుంకం లెక్కలో లేని చేతులు

2025 సెప్టెంబరు మొదట్లో భీమవరానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో, రొయ్యలు ఒలిచే షెడ్లకు వెళ్లే ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. తెల్లారుజామున వాళ్లను ఎక్కించుకుపోయే వ్యాను ఆ రోజూ రాలేదు. మేస్త్రి ఫోన్ చేస్తేనే పని, ఫోన్ రాకపోతే పని లేనట్టే. వారం రోజులుగా ఫోన్ లేదు. ఎందుకని అడిగితే వాళ్లలో పెద్దావిడ, "అమెరికావోళ్లు ఏదో పన్ను పెంచేశారంటండి. రొయ్యలు తినేది ఆళ్లు, ఒలిచేది మేము. మధ్యలో మా కూలెందుకు ఆగిపోవాలండీ?" అంది.

సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన నేను ఆవిడకి అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఈ సంపాదకీయం ఆ జవాబు కోసమే.

మన దేశం 2024-25లో ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో దాదాపు 69 శాతం గడ్డకట్టించిన రొయ్యలదే. వీటిని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా, అందరికంటే ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా ప్రభుత్వం మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. అప్పటికే రొయ్యల మీద ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపితే అది 58 శాతం దాటింది. 2026 ఫిబ్రవరిలో ఒక ఒప్పందం, దాని వెనకే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఆ రేటును కిందికి దించాయి. అయితే రేటు ఎంత అన్నది కాదు నా ప్రశ్న. ఆ రేటు పెరిగినా తగ్గినా, దాని బరువు చివరికి ఎవరి మీద ఆగుతోందన్నది.

ఇది ఒక అధ్యక్షుడి తిక్కతో మొదలైన కథ కాదు. 2003 చివర్లో అమెరికాలోని రొయ్యల ఉత్పత్తిదారులు మన దేశంతో సహా ఆరు దేశాల మీద ఫిర్యాదు చేశారు. 2005లో మన రొయ్యల మీద దాదాపు 10 శాతం యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది. 2000లో చేసిన ఒక చట్టం ప్రకారం, అలా వసూలైన సుంకాన్ని ఫిర్యాదు చేసిన కంపెనీలకే పంచిపెట్టేవారు. అది నిబంధనలకు విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ 2003లోనే తేల్చినా, 2006 దాకా ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. మార్కెట్లు తెరవమని పేద దేశాలకు పాఠాలు చెప్పే దేశం తన మార్కెట్టు తలుపును తన అవసరం కొద్దీ తెరుస్తుంది, మూస్తుంది. ఆ తలుపు చప్పుడుకి ఇక్కడ వ్యాను ఆగిపోతుంది.

ఆ నష్టం మెట్లు దిగి వచ్చే తీరు చూడండి. అక్కడి దిగుమతిదారు ధర తగ్గించమంటాడు. ఇక్కడి ఎగుమతిదారు ఆ తగ్గింపును కౌంటు ధరలో కోసి రైతు మీదికి తోస్తాడు. రైతు, ముఖ్యంగా చెరువు కౌలుకి తీసుకున్న రైతు, సీడ్ వేయడం తగ్గిస్తాడు, లేదా పంట విరామం అంటాడు. సరుకు తగ్గితే ప్లాంటుకి పనివాళ్లు తక్కువ చాలు. ఆ ఆఖరి మెట్టు మీద ఉన్నది ఆడవాళ్లు. వాళ్ల కింద ఇంకో మెట్టు లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. పై మెట్ల మీద ఉన్నవాళ్లందరి దగ్గరా ఏదో ఒక కాగితం ఉంటుంది. ఎగుమతిదారుకి లైసెన్సు, బ్యాంకు ఖాతా ఉంటాయి. రైతుకి పట్టా, సంఘం ఉంటాయి. అందుకే మేత ధరలు తగ్గించాలని, కరెంటు రాయితీ కావాలని రైతులు అడగగలిగారు. అడగాలి కూడా. సుంకం దెబ్బ తిన్న ఎగుమతి రంగాలకు రుణ వాయిదాల సౌకర్యాన్ని రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో ప్రకటించింది. కాంట్రాక్టరు పుస్తకంలో తప్ప ఎక్కడా పేరు లేని స్త్రీకి ఏ వాయిదా ఉంది? ఆమె అప్పు డ్వాక్రా సంఘంలోనో, ఇంటికొచ్చి వసూలు చేసే ఫైనాన్సు దగ్గరో ఉంది. ఆ కిస్తీ ఒక్క వారం కూడా ఆగదు.

పేరు నమోదు కావడం ఎంత పెద్ద విషయమో 1996 డిసెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తు చేస్తుంది. తీరప్రాంత రొయ్యల చెరువులను మూసివేయమన్న ఆ తీర్పు, పని పోగొట్టుకునే కార్మికులకు చట్టప్రకారం ఇచ్చే పరిహారంతో పాటు ఆరేళ్ల వేతనం కూడా ఇవ్వాలని ఆదేశించింది. కానీ కనీసం ఏడాది పాటు ఎడతెగకుండా పనిచేసినవాళ్లకే అది వర్తిస్తుంది. మేస్త్రి పిలిచిన రోజునే పని దొరికే మనిషి ఆ ఏడాదిని ఎలా రుజువు చేసుకుంటుంది?

ఈ పని వద్దని నాతో మాట్లాడిన స్త్రీలెవరూ అనలేదు. అది మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఐసునీళ్లలో గంటల తరబడి నానిన వేళ్ల చర్మం ఊడిపోతుందని చూపించారు, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా అడగాల్సిందేనని చెప్పారు. అయినా, "చేలన్నీ చెరువులయ్యాక నాట్లెక్కడున్నాయండీ?" అన్నారు. వరి పొలం చెరువైనప్పుడు ముందుగా పోయింది నాట్లు, కలుపు, కోతలు, అంటే స్త్రీల పనిదినాలు. తాగునీరు ఉప్పగా మారితే బిందె పట్టుకుని దూరం నడిచిందీ వాళ్లే. తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని పోరాడినవాళ్లలో స్త్రీలు ముందు నిలవడం వెనక ఈ అనుభవం ఉంది.

ఇక్కడ మన ముందు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. 2024లో మన రాష్ట్రపు రొయ్యల షెడ్లలో పని పరిస్థితుల మీద అమెరికాలో నివేదికలు వెలువడ్డాయి. అవి చెప్పినవాటిలో చాలావరకు మనకు తెలిసినవే. కానీ మన స్త్రీల కష్టం అక్కడి పోటీ ఉత్పత్తిదారుల చేతిలో సుంకం పెంచడానికి సాక్ష్యంగా మారుతుంది. అలాగని ఇక్కడ మనం నోరు మూసుకుంటే లాభపడేది యజమాని.

మనకంటే ముందు తరం కార్యకర్తలు ఈ చిక్కునే 1990లలో సామాజిక నిబంధన పేరుతో చర్చించారు. బాల కార్మికులు తయారుచేసిన వస్తువుల దిగుమతిని నిషేధించే బిల్లు 1992లో అమెరికా సెనేటులో వచ్చింది. చట్టం కాకముందే భయపడిన బంగ్లాదేశ్ బట్టల ఫ్యాక్టరీ యజమానులు పిల్లల్ని పనిలోంచి తీసేశారు. వాళ్లు దాదాపు 50,000 మంది అని, ఎక్కువమంది ఆడపిల్లలేనని యూనిసెఫ్ అంచనా. వాళ్లలో కొందరు రాళ్లు కొట్టే పనిలోకి, వ్యభిచారంలోకి నెట్టబడ్డారు. 1995లో యజమానుల సంఘం, ఐఎల్ఓ, యూనిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకున్నాకే పిల్లల్ని బడికి చేర్చే ఏర్పాటు మొదలైంది. కొనే దేశం దయ మీద ఆధారపడిన హక్కు హక్కు కాదని ఆ అనుభవం చెప్పింది.

కాబట్టి మన డిమాండు వాషింగ్టన్‌కి కాదు, ముందుగా మన ప్రభుత్వానికీ మన యజమానులకీ. కాంట్రాక్టరు ఎవరైనా ప్లాంటు యజమానే బాధ్యత వహించాలి. ప్రతి స్త్రీకీ గుర్తింపు కార్డు, వేతన చీటీ, ఈఎస్ఐ, పీఎఫ్ ఉండాలి. ఎగుమతిదారుకి ఇచ్చే ప్రతి రాయితీకీ ఆ రిజిస్టరే షరతు కావాలి. పని ఆగిన రోజులకి పరిహారం కావాలి. ప్రతి కార్మికురాలికీ నియామక పత్రం ఇవ్వాలంటున్న లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు నాకూ ఉన్నాయి. 2025 జూన్‌లోనే రోజు పనిని 10 గంటలకి పెంచడానికి మన రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకున్న సంగతీ మరచిపోలేదు. అయినా ఆ కాగితాన్ని వదులుకోవద్దు, పట్టుబట్టి ఇప్పించుకుందాం.

ఆక్వా ప్రాంతాల్లో పనిచేస్తున్న మిత్రులకు ఒక విన్నపం. రిజిస్టరు వాళ్లు మొదలుపెట్టేదాకా ఆగొద్దు. ఊరూరా మనమే రాయడం మొదలుపెడదాం: పేరు, ఏ షెడ్డు, ఏ మేస్త్రి, ఎన్ని రోజులు పిలిచారు, ఎన్ని కిలోలు ఒలిచింది, ఎంత ఇచ్చారు. ఒక నోటుపుస్తకం చాలు. ఈసారి సుంకం పెరిగి కలెక్టరాఫీసులో నష్టాల లెక్కలు తీసే రోజున, ఆ పుస్తకాలు పట్టుకుని ఆ పెద్దావిడా ఆ బల్ల ముందు కూర్చోవాలి.

తన కూలి ఎందుకు ఆగిందని ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే: నీ కూలి ఆపితే ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు కాబట్టి ఆపారు. ఆ లెక్క అడిగే పని మనది.