కవయిత్రి పేరు బిడ్డకు పనికిరాదా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఆడుబిడ్డ పుట్టిన యింట నేడు పేరు కొఱకు సాగు వెదకులాట చిత్రముగా నుండును. జన్మనక్షత్ర పాదమునకు వచ్చు అక్షరమును పంచాంగమున చూచి, ఆ అక్షరముతో మొదలగు పేర్లను సెల్‌ఫోనులో గాలించి, బెంగళూరులో ఉద్యోగము చేయు మేనమామ మెచ్చినదానిని ఖాయపఱచిన పిమ్మట, తండ్రి పళ్లెములోని బియ్యముపై బంగారుటుంగరముతో దానిని వ్రాయును. దాని కర్థమేమని ముత్తవ్వ అడిగినచో మాత్రము చెప్పగలవారు అరుదు. మృగశిర మొదటి పాదమున పుట్టిన బిడ్డకు ‘వే’ అను అక్షరము వచ్చును. వేద యనియు, వేదిక యనియు, వేదశ్రీ యనియు జాబితా సాగునే గాని, అదే అక్షరముతో మొదలై, ఈ సీమలోనే పుట్టి, తెలుగు సాహిత్యమున స్థిరపడిన ‘వేంకమాంబ’ అను పేరు ఎవ్వరికిని తోచదు.

గుఱ్ఱంకొండ చేరువనున్న తరిగొండలో 1730 ప్రాంతమున జన్మించి, బాల్యముననే భర్తను కోల్పోయియు శిరోముండనమునకు సమ్మతింపక, మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి కడ యోగవిద్య నభ్యసించి, ఊరి నృసింహస్వామిపై శతకము చెప్పి, తుదకు తిరుమల చేరి, 1817లో దేహము చాలించువఱకు ‘వేంకటాచల మాహాత్మ్యము’, ‘ద్విపద భాగవతము’, ‘వాసిష్ఠ రామాయణము’ మొదలగు గ్రంథములను, పెక్కు యక్షగానములను రచించిన ఆ సాధ్విని లోకము వెంగమాంబ యని పిలుచుచున్నది. తిరుమలలో ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాల హారతి నేటికిని జరుగుచున్నది. ‘తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి’ అను నానుడి, అన్నమాచార్యుల సరసన ఆమెకు లభించిన పీఠమెట్టిదో రెండు ముక్కలలో చెప్పుచున్నది.

వెంకమ్మ, వెంగమ్మ, వేంకమాంబ, వెంగమాంబ — ఈ రూపములన్నియు వేంకటాచలము నాశ్రయించినవే యని తలచుట సమంజసము. ‘వేం’ అనగా పాపము, ‘కట’ అనగా దహించునది యని పౌరాణికులు చెప్పుదురు. తొల్కాప్పియపు పాయిరము తమిళసీమకు ఉత్తరపుటెల్లగా ‘వేంగడము’ను పేర్కొనినది, వెంగమ్మలోని గకారము ఆ ప్రాచీనోచ్చారణకు దగ్గఱగా నున్నది. తెలుగు, తమిళ, కన్నడములు మూడును ఒకే సంతలో వినవచ్చుటయు, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలయుటయు కుప్పమునకు గల విశేషములు. ఆ కుప్పములో ఈ పేరు పరాయిదిగా తోచువారెవరును ఉండరు. నెల్లూరు సీమలోని నర్రవాడయందు పేరంటాలుగా పూజలందుకొను మఱియొక వెంగమాంబకు ఏటేటా తిరునాళ్లు జరుగుచున్నవి.

ఇంతటి చరిత్ర గల పేరు అవ్వల తరముతోనే ఆగిపోవుచున్నది. ఇది వెంగమ్మ కొక్కతెకే పట్టిన గతి కాదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకును, కుప్పములో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతరకును ఇసుక వేసిన రాలనంత జనము వచ్చి, వేపాకు చేతబట్టి మొక్కులు చెల్లింతురు. ఆ జనములో తన పసిబిడ్డను గంగమ్మా యని పిలుచు తల్లిని వెదకి పట్టుకొనవలసినదే. దేవతకు కొబ్బరికాయ కొట్టుటకు వెనుదీయనివారు దేవత పేరు బిడ్డకు పెట్టుటకు సిగ్గుపడుచున్నారు.

బడిలో తోటిపిల్లలు నవ్వుదురేమో యను భయమును నేను తేలికగా త్రోసిపుచ్చను. అమాయకుని ‘వెంగళప్ప’ యని ఎగతాళి చేయుటను మన చలనచిత్రములు ఊరూర అలవాటు చేసినవి; ఆ ఎగతాళి నీడ వెంగమ్మపై గూడ పడినది. కాని పేరునకు గౌరవము అక్షరములలో నుండదు, ధరించినవారిని తలచుకొనువారిలో నుండును. విషపాత్ర కథతో ముడిపడిన మీరా పేరును దేశమంతటను తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకొనుచున్నారు. తమిళులు ఆండాళ్ పేరును, కన్నడిగులు మహాదేవి పేరును బిడ్డలకు పెట్టుకొనుట ఎఱుగనివారు లేరు. రామాయణము చెప్పిన మొల్ల పేరు మాత్రము మన యింట వినబడదు, భాగవతమును ద్విపదలో చెప్పిన వెంగమ్మ పేరును వినబడదు. ఇరుగుపొరుగువారు తమ కవయిత్రుల పేర్లను కూతుండ్రకు పెట్టుకొనగా, మనము భవనములకు పెట్టి ఊరకుంటిమి.

భవనమునకు పెట్టుట తప్పని చెప్పుట లేదు. తిరుమలలో 2011లో ప్రారంభమైన మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున పంక్తులు పంక్తులుగా కూర్చుండి భుజించు యాత్రికులు, ద్వారముపై ఆ పేరు చదివియే లోనికి పోవుచున్నారు. కాని పలకపై వ్రాసిన పేరు చదువబడును, మనిషికి పెట్టిన పేరు పిలువబడును. దినమునకు పదిమార్లు పిలువబడని పేరు పూజ్యమై యుండవచ్చును గాని చనువు గలదిగా నుండజాలదు.

తెలుగు కుటుంబములలో పిలుపు పేరొకటి, పెట్టిన పేరొకటి యుండుట అనాదిగా నున్న వాడుకయే గదా! వేదిక యని పిలుచుకొనుచునే, బియ్యముపై వేంకమాంబ యని వ్రాయుటకు అడ్డేమున్నది? సంప్రదాయము మెడపై కత్తివలె నిలిచిన కాలమున తలవంచక, కలము పట్టి, తొంబదేండ్లకు చేరువగా బ్రతికిన స్త్రీ పేరది. అర్థము తెలియని పేర్లకు కరవు లేని ఈ దినములలో, అర్థమును చరిత్రయు రెండును గల ఈ పేరును మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల తల్లిదండ్రులు ఒక్కమాఱు పరిశీలింపవలెనని నా మనవి.