దేవదూతకు తొడిగిన కోటు

గడచిన వారము మా వీధిలో జరిగిన యొక వివాహమున నేను చూచిన దృశ్యము నా మనస్సును విడిచి పోకున్నది. పెండ్లికూతునకు పదునైదేండ్ల తమ్ముడు కలడు. మితభాషి, బుద్ధిమంతుడు, లెక్కలయందు తన తరగతిలో మొదటివాడు. పుట్టుకతోనే వెన్నెముక వంగియుండుటచే వాని వీపు ఒకవైపున ఎత్తుగా నుండును. లాజహోమ సమయమున అక్క దోసిట పేలాలు పోయవలసినవాడు తోడబుట్టినవాడే గదా! పురోహితుడు "పెళ్లికూతురి తమ్ముడేడీ?" యని పిలిచినంతనే ఆ బాలుడు లేచి రెండడుగులు ముందునకు వేసెను. ఇంతలో పెద్దవారొకరు వాని భుజముపై చేయి వేసి, కసరుకొనక, విసుగుకొనక, ఎంతయో మృదువుగా వానిని మరల కూర్చుండబెట్టి, పినతండ్రి కుమారుని హోమగుండము చెంతకు పంపిరి. పేలాలు ఆ పిల్లవాడు పోసెను. బాజాలు మ్రోగినవి. అంత జనములో ఒక్కరైనను తల త్రిప్పి ఈ బాలునివైపు చూడలేదు. అంతకుమున్ను, వేసవి యెండ పందిరి చీల్చుకొని దిగుచున్న వేళ, కన్నతల్లియే వాని వీపు కనబడకుండునట్లు దళసరి పట్టుశాలువ యొకటి కప్పి, ఫోటోలు తీయువారు వచ్చినప్పుడెల్ల దానిని సవరించుచుండుట నేను చూచియే యుంటిని.

భోజనములైన పిమ్మట ఆ తండ్రిని ప్రక్కకు పిలిచి, "ఎందుకలా చేశారు నాయనా?" అని యడిగితిని. నా కన్నులయెదుట పెరిగినవాడు; నాతో అబద్ధమాడలేకపోయెను. "వాడు నా ప్రాణం బాబాయిగారూ! నాకేం పట్టింపు లేదు. మగపెళ్లివారి ముందు నలుగురూ ఏమనుకుంటారోనని..." అని కండువాతో కన్నులు తుడుచుకొనెను.

నలుగురు! ఈ నలుగురెవ్వరు? ఏ యూర నుందురు? ఎవరి కొడుకు పెండ్లికి ఎవరు రావలెనో, ఎవరి కూతురు ఎంతవరకు చదువవలెనో, ఎవనికి ఇల్లు అద్దెకీయవలెనో, ఎవని వీపుపై శాలువ కప్పవలెనో నిర్ణయించు నీ నలుగురి ముఖములను ఇన్నేండ్ల జీవితములో నేనొకనాడును చూచి యెరుగను. బ్రదికినంతకాలము వారికి వెరచుట, తుదకు ఆ నలుగురి భుజములమీదనే కాటికి పోవుట: మన సంసారయాత్ర యంతయు ఈ రెండు మాటలలో ముగియునేమో యని ఆ రాత్రి నిద్రపట్టక విచారపడితిని. విచారపడుచునే బీరువా తెరచి, ముప్పదియేండ్లుగా నా దగ్గరనున్న యొక పుస్తకమును తీసితిని. ఆ నలుగురి పేర్లును, ముఖములును, మాటలును అందులో వ్రాసియున్నవి.

హెచ్. జి. వెల్సు వ్రాసిన 'ది వండర్‌ఫుల్ విజిట్' అను చిన్న నవల యది. కాలయంత్రపు కథతో ఆయన పేరు లోకమున మ్రోగిన 1895వ సంవత్సరముననే ఇదియును వెలువడెను. దేవదూత యెవడైన భూమిపై దిగివచ్చినచో మనుష్యుడు మొదట చేయుపని వానిని తుపాకితో కొట్టుటయేయని రస్కిను మహాశయుడు అన్నట్లు విని, ఆ మాటనే బీజముగా గొని వెల్సు ఈ కథ నల్లెనందురు. దక్షిణ ఇంగ్లండులో సిడ్డర్‌మార్టన్ అను పల్లె. అచ్చటి చర్చి గురువు హిల్యర్ సాధుస్వభావుడు; పక్షులను సేకరించి వాని కళేబరములలో దూది కూరి అలమారలలో నిలుపుట ఆయనకు గల యొక్క వ్యసనము. ఊరిలో ఏదో వింతపక్షి తిరుగుచున్నదని విని, తుపాకి పట్టుకొని పోయి, దాని రెక్కను కొట్టును. క్రింద పడినది పక్షి గాదు, దేవదూత. ఆకలి యెట్టిదో నొప్పి యెట్టిదో మున్నెరుగని యా స్వర్గవాసికి ఈ భూలోకము మొదట చవిచూపినది తుపాకి దెబ్బ. పిమ్మట చవిచూపినది ఊరు.

ఊరి పెద్దలు నలుగురు. సహాయ గురువుగారి భార్య మెండ్‌హామ్ దొరసాని దూరమునుండి చూచి, పొడుగుజుట్టును నగ్నపాదములును గల యాతనిని చాలీచాలని బట్టలతోనున్న స్త్రీగా తలచి, గురువుగారి శీలమునే శంకించును. డాక్టరు క్రంపు ఆ రెక్కలను తాకి చూచియు, అవి రెక్కలని మాత్రము ఒప్పుకొనడు. అది యొక శారీరక వికారమనియు, కోసి తీసివేసినచో మనిషి మనిషివలె నుండుననియు సలహా చెప్పును. చర్చిపై పెత్తనము గల హామర్‌గాలో ప్రభువుల దొరసాని, ఊరి యపవాదములను చెవియొగ్గి వినునట్టి వృద్ధురాలు, ఈ యువకుడు గురువుగారు గుట్టుగా కన్న కొడుకై యుండునని తీర్మానించును. నాలుగవవాడు సర్ జాన్ గాచ్, తన భూమి చుట్టును ముండ్లతీగ బిగించుకొన్న ఆసామి. ఆ తీగ ప్రాణులను గాయపరచునదని యెంచి దేవదూత దానిని చేతులు చీరుకుపోవునట్లు పెరికివేసినందుకు, కోర్టున కీడ్చెదనని బెదరించును. వీరిలో ఒక్కరును రాక్షసులు గారు. తమ యింట దీపము పెట్టుకొని, తమ పిల్లలకు బుద్ధులు చెప్పుకొని, ఆదివారము ప్రార్థనకు వచ్చి, దేవదూతలను గూర్చి పాడు కీర్తనలకు గొంతు కలుపువారే. నిజముగా దేవదూత వచ్చి తమ వీధిలో నడచినపుడు మాత్రము వానిని గుర్తుపట్టలేకపోయిరి. వీధిపిల్లలు వెంటబడి వానిపై కాయలు విసరిరి. వాని వయొలిన్ వాదనము విని క్షణకాలము కరగినవారు కూడ, పరిచారికను సైతము వాడు సమానురాలిగా చూచుట కనుగొన్నంతనే ముఖములు త్రిప్పుకొనిరి.

నన్ను ఎన్నటికిని కలచివేయునది మాత్రము ఈ నలుగురి కాఠిన్యము గాదు, గురువుగారి దయ. ఆయన దేవదూతను నిజముగా ప్రేమించెను, తాను చేసిన గాయమునకు పశ్చాత్తప్తుడయ్యెను, ఇంట నుంచుకొని సంరక్షించెను. కాని ఊరివారికి వెరచి, తన కోటు తెచ్చి వానికి తొడిగెను! రెక్కలు కోటుక్రింద మడచి ఇమిడ్చినందున అవి వీపున మూపురమువలె ఉబికినవి. నాటినుండి ఊరివారికి వాడు గూనివాడు. ఆకాశమున నెగిరినవాని సౌందర్యమే, ఒక కోటు కప్పుటతో, అంగవైకల్యమై కూర్చున్నది. అంతేకాదు, దినములు గడచినకొలది ఆ రెక్కలు లోలోపల ముడుచుకొని, వాడి, పనికిరాకుండ పోవుచుండును. తుపాకి గాయము మానినది గాని, కోటు చేసిన గాయము మానలేదు. మా వీధిలో ఆ తల్లి కప్పిన శాలువ నాకు ఈ పుట యొద్దనే కనబడినది. ద్వేషించువాని చేతిలోని రాతిని బాలుడు తప్పించుకొనగలడు. ప్రేమించు తల్లి చేతిలోని శాలువను ఎట్లు తప్పించుకొనును? అది కప్పుచున్నంతసేపును, "నీవున్నట్లుగా నీవు ఉండరాదు" అను మాటయే గదా ఆమె చేతులు వానికి చెప్పుచున్నవి!

ఈ పుస్తకమును గూర్చి ప్రసంగవశమున చెప్పగా, చదువుకొన్న మిత్రులొకరు "దయ్యాలూ దేవదూతలూ పిల్లల కథలు కదండీ, సమస్య ఉంటే సూటిగానే రాయొచ్చుగా" అని చప్పరించిరి. అలౌకిక కథలను గూర్చి మన విద్యావంతులకు గల ఈ చులకనభావము నాకు సుతరాము గిట్టదు. సూటిగా గూనివాని కథయే వ్రాసియున్నచో చదువరి ఏమి చేయును? అయ్యో పాపమని రెండు కన్నీటిబొట్లు రాల్చి, ఊరివారి భయమునందును కొంత న్యాయమున్నదేమోయని లోపల సమాధానపడును. వచ్చినవాడు దేవదూతయైనపుడు ఆ సందు లేదు. వాడు నిర్దోషి యని చదువరికి మొదటి పుటనుండియే తెలియును; ఊరిది తప్పని సందేహమునకు తావులేక తెలియును; తెలిసియుండి, తాను ఆ యూరివారివలె ఎన్నిమార్లు ప్రవర్తించెనో జ్ఞప్తికి తెచ్చుకొని తల వంచుకొనక తప్పదు. కల్పన చేయగల యుపకారములలో ఇంతకుమించినది నేనెరుగను. కొలంబియా రచయిత మార్కెజ్ కథలో రెక్కలున్న ముసలివానిని పల్లెవారు కోళ్లగూటిలో పెట్టుటయు ఈ మర్మమెరిగి చేసిన కల్పనయే.

మన పురాణేతిహాసములయందు గూనివారు లేరా యన్నచో ఉన్నారు. రామాయణమున మంథర గూనిది. కనుకనే ఆమె మనస్సును వక్రమైనదని తరతరములుగా పిల్లలకు చెప్పుకొనుచున్నాము. భాగవతమున కుబ్జను కృష్ణుడు అనుగ్రహించెను; ఆ యనుగ్రహమెట్టిది? పాదములు త్రొక్కిపట్టి, గడ్డము పట్టి పైకెత్తి, ఆమెను నిటారుగా చేయుట. వంగియున్న కుబ్జను వంగియున్నట్లుగానే ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన కథ యొక్కటి యున్నచో మా వీధి బాలునకు అక్కరకు వచ్చియుండెడిది. అష్టావక్రుని కథ యున్నది. ఎనిమిది వంకరల యా బ్రహ్మవేత్తను చూచి సభాసదులు నవ్వగా, చర్మమును మాత్రము చూచుటచే మీరు తోలు పనివారే గాని పండితులు గారని ఆయన యధిక్షేపించెనని లోకప్రచారమందున్న గాథ. చిన్ననాట ఈ కథ విని చప్పట్లు కొట్టితిని. నేడు దానిని చెప్పుటకు నా నోరు రాదు. తనను హేళన చేసినవారిని నిందించుటకు, పాపమెరుగని, చెమటోడ్చి బ్రదుకు మరియొక జనసముదాయమును తిట్టుపదముగా వాడుకొనవలెనా? అవమానమును అనుభవించినవాడు సైతము దానిని తనకన్న క్రిందివానిపైకి దొర్లించుట కంటె విషాదము వేరొకటి లేదు.

ఇట్టివారిని పిలుచు పేరును ప్రభుత్వము మార్చినది. 2015 చివర ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున సూచించినది మొదలుకొని వికలాంగులు దివ్యాంగులైరి. 2016 నాటి చట్టము అంతకుమున్ను ఏడుగా నున్న వైకల్య భేదములను ఇరువదియొకటికి పెంచినది, అందుకు సంతోషింపవలసినదే. కాని 2011 జనాభా లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశముననే 22 లక్షలకు పైబడినవారు, ఈ లెక్కలోనివారైయుండగా, వారికొరకు ఏటవాలు దారియైనను లేని కార్యాలయములు, పాఠశాలలు మన యూళ్లలో ఎన్ని లేవు? దివ్యమను విశేషణమును వీపున కప్పి మెట్లక్రింద నిలువబెట్టుట మరియొక విధమైన కోటు తొడుగుటయే యని నా నిశ్చితాభిప్రాయము. దేవదూతను గూనివానిగా చూచినది ఆ యూరు. గూనివానిని దేవదూతయని పిలిచి పెండ్లిపీటలవద్దకు రానీయనిది మన యూరు.

ఈ కథను ఆ బాలునిచేత చదివింపవలెనని తోచి, నా ప్రతి పుటలు రాలిపోవుచున్నందున, మరియొకటి దొరకునేమోయని దగ్గరలోని గ్రంథాలయమునకు పోయితిని. వెల్సు పుస్తకము మాట యటుంచుడు. కథలు, నవలలు ఉండవలసిన బీరువాలకు తాళములు, తాళములకు తుప్పు. బల్లలనిండ పోటీపరీక్షల పుస్తకములు ముందుంచుకొని తలలు వంచి చదువుచున్న యువకులు. వారిని నేనేమియు అనను. ఉద్యోగము లేనివానికి అది చల్లని నీడ. కాని ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా 1960 నాటి చట్టముననుసరించి మనము చెల్లించుచునేయున్నాము గదా! ఆ పైసలు వసూలైన చోటునుండి గ్రంథాలయ సంస్థలకు చేరుటకు ఏండ్లు పట్టుననియు, లక్షల బకాయిలు పేరుకొన్నవనియు పత్రికలయందు ఎన్నిమార్లు చదువలేదు? అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లో బెజవాడయందు గ్రంథాలయ సంఘమును నెలకొల్పినప్పుడును, పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు నింపి కాలువ వెంబడి పల్లెపల్లెకు పంపినప్పుడును, పరీక్షల కొరకు పంపలేదు. తన యూరి నలుగురే లోకము కాదని, ఆ కాలువ గట్టున కూర్చున్న పిల్లవానికి తెలియుటకై పంపిరి. పరాయి యూరి కథ చదువనివానికి తన యూరి యన్యాయము అన్యాయముగా ఎట్లు తోచును?

కథ తుద చెప్పవలసియున్నది. ఊరి యొత్తిడికి లొంగి గురువుగారు దేవదూతను పంపివేయుటకు నిశ్చయించిన దినములలోనే ఆయన యిల్లు అంటుకొనును. డీలియా యను పరిచారిక, ఆ యూర వానిని వానిగా చూచిన యొకే యొక ప్రాణి, వాని వయొలిన్ తెచ్చుటకై మంటలలోనికి పరుగెత్తును. ఆమెకొరకు వాడును పోవును. ఇద్దరును తిరిగిరారు. రెక్కలతో రెండాకారములు పైకెగసినట్లు ఒక చిన్నపిల్ల మాత్రము చూచును. శ్మశానమున ఇద్దరి పేర రెండు శిలువలు నిలిపిరి. ఆ శిలువల క్రింద నున్నది గురువుగారు దూది కూరిన నిప్పుకోడి బూడిద మాత్రమే. ఏడాది తిరుగకుండ గురువుగారును గతించిరి.

నిన్న సాయంకాలము నా జీర్ణప్రతిని అట్ట వేసి ఆ బాలునకిచ్చి వచ్చితిని. శాలువ లేదు, పలుచని బనీనుతో అరుగుమీద కూర్చుండి తన చెల్లెలికి లెక్కలు చెప్పుచుండెను. ఆ యింట పెండ్లి కావలసిన పిల్ల ఇంకొకతె యున్నదన్నమాట. ఆమె లాజహోమమునాటికి నేనుందునో లేదో. ఉన్నచో మాత్రము ముందువరుసలో కూర్చుండి, ఆ దోసిట పేలాలు పోయునది ఎవరి చేయియో చూచెదనని వాని తండ్రితో చెప్పియే వచ్చితిని.