ఫోన్‌కు కునుకు దొరికితేనే ఛార్జింగ్ నిలిచేది

పసుపు తవ్వకాలు మొదలైతే మన ఆర్మూరు చుట్టుపక్కల ఆడవాళ్ళ పని ఎట్లుంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఉడకబెట్టడం, ఆరబెట్టడం అంటూ పొద్దున పోతే చీకటి పడేదాకా కళ్ళం దగ్గరే. ఇంట్లో పెద్దవాళ్ళు, బడికి పోయిన పిల్లలు. వాళ్ళకేమన్నా అయితే కబురు తెచ్చేది, 108కి ఫోన్ చేయడానికి పనికొచ్చేది చేతిలోని ఆ ఫోనే. అదేమో "పొద్దున నిండా ఛార్జింగ్ పెట్టిన, ఒక్క కాల్ మాట్లాడలే, సాయంత్రానికే ఆరిపోయింది" అనిపిస్తుంది. బ్యాటరీ పాడైందనుకుని డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ ముచ్చట కాస్త వినండి.

మనం ముట్టుకోకపోయినా ఫోన్ ఊరికే ఉండదు. "నీకు కాల్ వచ్చింది" అని టవర్ పిలుస్తుందేమోనని వింటూ ఉండాలి. అస్తమానం వింటూ కూర్చుంటే ఛార్జింగ్ ఇట్టే ఖాళీ అవుతుంది. అందుకని ఎప్పుడెప్పుడు వినాలో టవర్ ముందే లెక్క చెబుతుంది. 4జీలో ఆ లెక్క 0.32 సెకను నుంచి 2.56 సెకన్ల దాకా ఉంటుంది. ఫోన్ ఆ కాస్సేపు కునుకు తీసి, రెప్పపాటు లేచి విని, మళ్ళీ పడుకుంటుంది. రోజంతా ఇదే పని!

పొయ్యి మీద పాలు పెట్టామనుకోండి. సన్నసెగ అయితే కూరగాయలు తరుక్కుంటూ అప్పుడప్పుడు ఒక చూపు వేస్తే చాలు. పెద్దమంట అయితే కళ్ళు తిప్పడానికి లేదు. ఫోన్ సంగతీ అంతే. సిగ్నల్ బాగున్నచోట పక్క టవర్లను వెతికే పని చాలావరకు మానుకుంటుంది. సిగ్నల్ సన్నగిల్లితే ఇంకో టవరేమన్నా దొరుకుతుందా అని మాటిమాటికీ వెతుకుతుంది. మాట్లాడేటప్పుడు దూరపు టవర్‌కు వినబడేలా ఎక్కువ శక్తి వాడుతుంది. పొలంలో ఛార్జింగ్ త్వరగా దిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

మరి మనం చేయగలిగిందేమిటి?

ఫోన్‌ను స్టీలు డబ్బాలో, ఇనుప బీరువాలో పెట్టకండి. లోహం సిగ్నల్‌కు అడ్డం. ఇంట్లో కిటికీ దగ్గర, కళ్ళం దగ్గర సిగ్నల్ అందే నీడపట్టున పెట్టండి.

రెండు సిమ్‌లుంటే ఫోన్ రెండింటి పిలుపులూ వినాలి. వాడని సిమ్‌ను సెట్టింగుల్లోకి పోయి ఆపేయండి.

5జీ వస్తూ పోతూ ఉండేచోట 4జీకి మార్చుకోండి.

వైఫై ఆపినా ఫోన్ చుట్టుపక్కల వైఫై, బ్లూటూత్‌ల కోసం వెతుకుతుండవచ్చు. చాలా ఫోన్లలో లొకేషన్ సెట్టింగుల్లో 'స్కానింగ్' అని ఉంటుంది. అది ఆపేయండి.

మెసేజీ వచ్చినప్పుడల్లా ఫోన్ లేచి, అది అందిన తర్వాత కూడా కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. పని వేళ నెట్ ఆపితే ఈ లేవడం తగ్గుతుంది. మామూలు కాల్స్ మాత్రం వస్తూనే ఉంటాయి. అయితే దుబాయ్ నుంచి మీవారో, కొడుకో నెట్ మీద చేసే కాల్ రాదు. వాళ్ళు చేసే వేళకు నెట్ పెట్టుకోవాలి.

అసలు సిగ్నలే లేనిచోట గంటలకొద్దీ ఉండాల్సొస్తే విమానం గుర్తు నొక్కండి. ఫోన్ వెతుకులాట మానేస్తుంది. సిగ్నల్ ఉన్నచోటికి రాగానే గుర్తుంచుకుని తీసేయండి, లేకపోతే ఏ కాలూ రాదు.

ఇంజనీర్లూ ఈ పనిమీదే ఉన్నారు. ఒకచోటే కదలకుండా ఉన్న ఫోన్ పక్క టవర్లను తక్కువసార్లు కొలుచుకునే వీలు 2020లో 5జీ నియమాల్లో చేర్చారు. పిలుపు ఉందో లేదో చిన్న సైగతో ముందే చెప్పి, లేకపోతే ఫోన్‌ను పడుకోనిచ్చే పద్ధతి 2022లో వచ్చింది. ఫోన్‌లోనూ టవర్‌లోనూ ఆ ఏర్పాటు ఉంటేనే మనకు ఉపయోగం.

ఫోన్లకే కాదు, పొలంలో తేమ కొలిచే యంత్రాలకు, నీళ్ళ మీటర్లకు కూడా ఈ కునుకే ఆధారం. వాటికోసం 2016లో ఎన్‌బీ-ఐఓటీ అనే పద్ధతి వచ్చింది. అందులో యంత్రం ఒకసారి విన్నాక దాదాపు మూడు గంటల దాకా మళ్ళీ వినకుండా పడుకోగలదు. ఒక్క బ్యాటరీ పదేళ్ళు రావాలన్నది దాని లక్ష్యం. మన సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీలో పుట్టిన విసిగ్ నెట్‌వర్క్స్ సంస్థ దీనికోసమే 'కోలా' అనే చిప్‌ను తయారుచేసింది. మన పసుపు చేలకూ అలాంటివి వస్తే, ఏ మడికి తడి కావాలో ఇంట్లోనే తెలిసిపోతుంది.

అంతదాకా మన ఫోన్‌ను మనమే చూసుకుందాం. రేపు కళ్ళానికి పోయేముందు వీటిలో రెండు మూడు చేసి, సాయంత్రం ఇంటికొచ్చాక ఛార్జింగ్ ఎంత మిగిలిందో చూసుకోండి. మొన్నటికీ నేటికీ తేడా మీకే తెలుస్తుంది.