రెండో కెమెరా ఏం చూసింది?

పెళ్లి ఆల్బం ఇంటికి రాగానే మనం ముందుగా ఎవర్ని వెతుకుతామో చెప్పండి? పెళ్లికూతుర్ని కాదు, మనల్నే! "నేనెక్కడున్నానో చూడు" అంటూ పేజీలు తిప్పుతాం. తిప్పగా తిప్పగా ఎక్కడో గ్రూపు ఫొటోలో సగం మొహం కనిపిస్తే, "పోన్లే, పనిలో ఉన్నాను కదా" అని సరిపెట్టుకుంటాం. అవునా, కాదా?

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా అక్క కూతురు పెళ్లిళ్లకు సెకండ్ ఫొటోగ్రాఫరుగా వెళుతోంది. "ఆడపిల్లవి, అర్ధరాత్రి ముహూర్తాలు, ఇదేం పనే?" అని మా అక్క రోజూ ఒకటే గొణుగుడు. అది భరించలేక ఆ పిల్ల, "పిన్నీ, ఒక్కరోజు నువ్వు నాతో రా. చూశాక అమ్మకి నువ్వే చెప్పు" అంది. ఆ పెళ్లివారు మాకు తెలిసినవాళ్లే, పిలుపూ ఉంది. సరేనని బయల్దేరాను.

చూస్తేగాని తెలియదు సుమండీ! రాత్రి పది గంటల ముహూర్తానికి మధ్యాహ్నం మూడింటికే చేరాం. వెళ్లగానే చేసిన మొదటి పని, మెయిన్ ఫొటోగ్రాఫర్ కెమెరాలోనూ తన కెమెరాలోనూ టైము ఒకేలా పెట్టుకోవడం. "అదెందుకే?" అన్నాను. తేడా ఉంటే, రెండింటి ఫొటోలూ కలిపి వరసలో పెట్టినప్పుడు తలంబ్రాలయ్యాక జీలకర్ర బెల్లం వస్తుందట! కాటన్ చుడీదారు, నడుముకు చిన్న సంచి, అందులో విడి బ్యాటరీలు, కార్డులు. ఇదీ మన అమ్మాయి అలంకారం.

పెళ్లికొడుకు విడిదిలో ఆయన స్నాతకం తీస్తుంటే, ఇక్కడ పెళ్లికూతురి గదిలో ఈ పిల్ల పూలజడ కుట్టడం, గౌరీపూజ తీసింది. ఒక్క మనిషి రెండుచోట్ల ఉండలేడు గదా! ఇక అడ్డుతెర సంగతి చూడండి. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారే, ఆ చూపు రెప్పపాటు. ఒక్కరే ఉంటే ఏదో ఒక మొహమే దొరుకుతుంది. అందుకే ఆయన ఒకవైపు, ఈ పిల్ల రెండోవైపు. అయితే ఆయన ఫొటోలో తను పడకూడదు, తన ఫ్లాష్ ఆయన ఫొటోని చెడగొట్టకూడదు. "కనపడకుండా పని చేయాలి పిన్నీ, వంటింట్లో మీలాగా" అంది నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పెళ్లికూతురికి తండ్రి లేడు. బాబాయి, పిన్ని పీటలమీద కూర్చుని కన్యాదానం చేశారు. పొద్దున్నుంచి తాంబూలాల దగ్గర, సామాన్ల గదిలో, వంటవాళ్ల దగ్గర ఎక్కడ చూసినా తానే అయిన తల్లి, ముహూర్తం వేళకి కనపడలేదు. నిజం చెబుతున్నాను, నాకా సంగతి తట్టనే లేదు. అందరి కళ్లూ మండపం మీదే. మా పిల్ల తన వంతు ఫొటో తీసి, ఒక్కసారి వెనక్కి తిరిగింది. సామాన్ల గది పక్కన స్తంభం చాటున ఆ తల్లి నిలబడి ఉంది. మండపం దాకా చేరవని తెలిసీ, అక్కణ్నుంచే గుప్పెడు అక్షింతలు వేసింది. ఆ ఫొటో దొరికింది.

నెలపోయాక ఆల్బం చూడ్డానికి వెళ్లాను. "అమ్మ ఎక్కడుందా అని ఆ వేళ వెతుక్కున్నానండీ, ఇదిగో ఇక్కడుంది" అని ఆ పిల్ల పేజీ మీద వేలు పెట్టి చూపించింది. తల్లి మాత్రం, "అదెందుకమ్మా, కొంగైనా సరిగ్గా లేదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆల్బం మీద మా పిల్ల పేరు లేదు. రెండోవాళ్ల పేరు వేయరట. మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరొందిన హోమై వ్యారవాలా తీసిన ఫొటోలు కూడా మొదట్లో భర్త పేరుతోనే అచ్చయ్యాయి. ఆమెకు 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు, అప్పటికి ఆమెకు తొంభై ఏడేళ్లు!

మీ ఇంట్లో పెళ్లి ఉంటే నా మాటలు కొన్ని గుర్తుంచుకోండి. ఎవరెవరి ఫొటోలు తప్పకుండా కావాలో కాగితం మీద రాసి, రెండో ఫొటోగ్రాఫరుకు ముందురోజే ఇచ్చి, ఆ మనుషుల్ని చూపించండి. మంచం దిగలేని మామ్మగారు, పందిట్లోకి రాని వంటవాళ్లు కూడా ఉండాలి అందులో. ముహూర్తం వేళ సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని కెమెరాలకి అడ్డం నిలబడకండి. ఫొటోలవాళ్లకి మొదటి బంతిలోనే భోజనం పెట్టించండి, తర్వాత వాళ్లకి తీరదు. ఫొటోలు రెండుచోట్ల దాచమని ముందే చెప్పండి. కెమెరా మీవైపు తిరిగినప్పుడు "చెమటతో ఉన్నాను, నన్నెందుకు" అనకండి. ఆ చెమటేగా పెళ్లి జరిపించింది!

ఆ ఫొటో చూసి అందరం మెచ్చుకున్నాం. కానీ ఆవిణ్ని స్తంభం వెనక్కి పంపిందెవరు? ఆ రాత్రి నేనూ పందిట్లోనే ఉన్నాను. "రండి వదినగారూ, ముందుకొచ్చి మీ పిల్లని దీవించండి" అని ఒక్క మాట అనలేకపోయాను. మీరైనా అనండి. అప్పుడా ఫొటో మండపం మీదే తీయొచ్చు.

అక్కకి ఏం చెప్పానంటారా? "రాత్రి ఇంటికి చేర్చే బండి సంగతి ముందే గట్టిగా మాట్లాడుకోమను. పని మాత్రం మాన్పించకు" అన్నాను. తప్పంటారా?